బుట్ట బయటి బొమ్మ

సారపాక,
17 జూన్ 2024

అక్కా,

నీ బిడ్డ హెప్సి మంచిగుంది. తింటుంది, నిద్రపోతుంది. ఈ ముక్క ముందు రాయకపోతే మిగతాదంతా నువ్వు ఏడ్చుకుంటనే చదువుతవని తెలుసు. అందుకే వందనాల కంటే ముందు ఇది. ఇప్పుడు వందనాలు.

ఫోన్ ఉండంగ ఉత్తరాలేందని నీకు కోపం ఉండే ఉంటది. బస్టాండుల సరిగ చెప్పలేకపోయిన. బస్సు కదులుతుంటే నువ్వు ఏడుస్తున్నవ్, నేను కిటికీ కింద నిలబడి అరుస్తున్న. మర్నాడు నువ్వు ఫోన్ చేసినవ్ కదా, నీ గొంతు వినంగనే హెప్సి ఫోన్‌ను తిప్పి వెనక చూసింది. నువ్వక్కడ లేవు. దులిపి చూసింది. తర్వాత గోడకు తల ఆనించి పొద్దుగూకేదాక కదల్లేదు. మా సెంటర్ నడిపే అరుణశ్రీ మేడం కొన్ని నెలలు ఫోన్ వద్దన్నది. అయినా మనిద్దరం ఫోన్ల ఒకరి మాట ఒకరం ఏనాడు పూర్తిగ విన్నం? కాయితం మీదైతే నన్ను నువ్వు నడుమల ఆపలేవు.

నేను చేసే పనేందని బావ అడిగితే నువ్వు 'పిల్లల్ని ఆడిస్తది' అని చెప్పినవట. తప్పేం లేదు. ఇది బడి కాదు, దవాఖానా కాదు. రెండు గదులు, ఒక వరండా, చాపలు, ఇసుక తొట్టి, బాళ్లు. మాట రాని పిల్లలు, మనిషి మొహం చూడని పిల్లలు వస్తరు. వాళ్లకు పాఠం చెప్పం. వాళ్ల ఆటలకు మేం పోతం. ఆట నుంచి చూపు, చూపు నుంచి సైగ, సైగ నుంచి మాట వస్తదని ఆశ. మూడేండ్ల ఏడు నెలల పిల్లకు ఒక్క మాట లేదంటే ఖమ్మంల చెవులు చూసి బాగున్నయ్ అని పంపేసిన్రు కదా. చెవులు బాగున్నయ్ సరే, మరి మాటేదని వాళ్లు అడగలే. మేం అక్కడ మొదలుపెడతం.

నువ్వు పంపిన స్టీలు మూతను హెప్సి పొద్దస్తమానం తిప్పుతనే ఉంది. గుంజుకోలే. నేనూ వంటింట్లకెళ్లి ఒక మూత తెచ్చుకొని పక్కన కూర్చొని తిప్పిన. నాలుగు రోజులు గదే పని. ఐదో రోజు నా మూత ఆపేసి పది లెక్కపెట్టిన. మా పనిల అన్నిటికంటే కష్టం ఈ పది లెక్కపెట్టుడే. చెయ్యి ఊకోదు, నోరు ఊకోదు. ఎనిమిది కాడ అది తలెత్తింది. మూత వైపు కాదక్కా. నా మొహం వైపు.

రెండింటికి మిల్లు సైరన్ కొడుతది ఇక్కడ. ఊరంతా దాన్ని బట్టే నడుస్తది. నాకైతే ఇల్లెందుల మన క్వార్టరే యాదికొస్తది. సైరన్ అంటే నాయిన బొగ్గుబాయి నుంచి పైకి ఎక్కిండని. డబ్బాల ఏం మిగిల్చి తెచ్చిండో అని మనిద్దరం గేటు కాడికి ఉరుకుడు. ఇన్నేండ్లయినా సైరన్ వింటే నాకు ఆకలైతది. అంతకు మించి ఆ చప్పుడు నా చెవికెక్కదు.

బావకు, అత్తమ్మకు వందనాలు చెప్పు.

జీతానికి ఆడుకునే నీ చెల్లె,
ఫ్లోరెన్స్


సత్తుపల్లి,
26 జూన్ 2024

ప్రియమైన చెల్లె ఫ్లోరెన్స్‌కు అక్క రిబ్కా వందనాలతో రాయునది ఏమనగా,

మేమంతా క్షేమం. నీ ఉత్తరం అందింది. ఎనిమిది కాడ తలెత్తింది అన్న ముక్క నేను మస్తుసార్లు చదివిన. ఇంట్ల అందరికి చదివి వినిపించిన. అత్తమ్మ ఏమన్నదో తెలుసా? "ఆడించుడు నేర్వనీకి కాలేజీకి పోవాల్నా? నేను ఏడుగుర్ని ఆడించిన, నాకెవరు సర్టిఫికెట్ ఇచ్చిన్రు?" అని. మళ్ల తనే చాటుకు పోయి కండ్లు తుడుచుకుంది. పక్కింటామె "మీ చెల్లె ఏం డాక్టరమ్మా" అంటే "బాల్ డాక్టర్" అని చెప్పిన. ఆమె నిజమే అనుకున్నది, మోకాళ్ల నొప్పులకు చూస్తదా అని అడిగింది.

ఇల్లు బోసిగుంది. మూత తిరిగే చప్పుడు లేకపోతే గిన్నె ఎక్కడో కింద పడ్డదా అని చూస్తున్న.

ఆయన సంగతేం రాయాలె. పొద్దుగాల గనికి పోతడు, సాయంత్రం వస్తడు. హెప్సి చెప్పులు చూసి, జరిపి, మళ్ల అక్కడనే పెడతడు. రెండు నెలల నుంచి మళ్ల మందు మీదనే ఉన్నడు. నాకు ఇష్టం లేదు. పోయినేడు అది తప్పినప్పుడు సంఘంల సాక్ష్యం చెప్పుకున్న. ఇప్పుడు వద్దంటే "నేనొక్కన్నేనా, అందరు లేరా" అంటడు. ఇంటికొచ్చేసరికి కండ్లు ఎర్రగ ఉంటయ్, తల పగులుతుందని చెప్పి పండుకుంటడు. నా మనసుల మాట నీకు గాక ఎవరికి చెప్పుకోవాలె. ఎవరితోటి అనకు.

ఆయిల్‌పామ్ గెలల లారీలు తిరిగి తిరిగి రోడ్డంతా బురదైంది. వానలు జోరుగున్నయ్. హెప్సికి తడి బట్టలు ఉంచకు.

నీ అక్క,
రిబ్కా


సారపాక,
11 జూలై 2024

అక్కా,

సంతోషంల గబగబ రాస్తున్న, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

బాల్ వస్తుంది పోతుంది ఇప్పుడు. నేను దొర్లిస్తే హెప్సి దొర్లిస్తది. నేను కావాలని ఆపితే చాప మీద చెయ్యి కొట్టి అడుగుతది. అడుగుతుందక్కా! నా పసుపుపచ్చ జడక్లిప్పు కోసం నా మీదికి ఎక్కుతది. దాన్ని నేను ఒక గుప్పిట్ల దాస్తే రెండు గుప్పిళ్లు విప్పి చూస్తది. మా దగ్గర ద్వాలి అని ఒకామె ఉంది, తండా నుంచి వస్తది, వంట చేస్తది, పిల్లల్ని చూస్తది. పైటకొంగు మొహం మీదికి లాక్కొని వాళ్ల భాషల ఏదో పాడి టక్కున తీస్తది. హెప్సి కిలకిల నవ్వుతది. నేను ఏడాది కోర్సు చేసి నేర్చుకున్నది ఆమెకు ఎవరు నేర్పలే. అత్తమ్మకు ఇది చదివి వినిపించు, సంతోషపడతది.

అసలు సంగతి ఇది. మంగళవారం హెప్సి బొమ్మను మనిషిని చేసింది. ఇన్నాళ్లు బొమ్మ దాని లెక్కల తిప్పే వస్తువు. ఆ రోజు నాలుగు గుడ్డబొమ్మల్ని తీసుకొని వాటితోటి ఒక కథ ఆడింది. లేనిదాన్ని ఉన్నట్టు అనుకునుడు మాటకు ముందొచ్చే మెట్టు. కొందరు పిల్లలకు ఏండ్లు పడతయ్. మేడం వరండాల నిలబడి చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నది, పిల్ల ఉలిక్కిపడతదని.

కథ ఏందో ఇప్పుడు రాయను. రాస్తే నీ జవాబు దాని వెంటనే నడుస్తది, మా పనిల అట్ల చేయకూడదు. కొన్ని అడుగుత, ఉన్నదున్నట్టు చెప్పు. ఇంట్ల పెద్ద చప్పుడు అయితుంటదా? రోజూనా, ఎప్పుడో ఒకసారా? అప్పుడు హెప్సిని ఎవరన్నా దాస్తరా? ఎక్కడ?

బావ సంగతి రాసినవ్. ఎవరికి చెప్పను. కానీ నువ్వు జాగ్రత్తగ ఉండు. నువ్వు ఇట్లనే ఉంటవ్, బండ మీద పడ్డా 'ఏం కాలే' అంటవ్.

నీ
ఫ్లోరీ


సత్తుపల్లి,
19 జూలై 2024

చెల్లె ఫ్లోరీకి వందనాలు.

బొమ్మను మనిషిని చేసిందంటే నాకు సగమే అర్థమైంది గానీ నీ సంతోషం అర్థమైంది. ఆదివారం ప్రార్థనల అందరితోటి చెప్పిన.

చప్పుడు గురించి కొత్తగ అడుగుతవేందే, నీకు తెలువందా? అవ్, రోజూ ఉంటది. ఆదివారాలు కొంచెం నయం. గూట్ల గిన్నెలు కింద పడతయి, తీసి మళ్ల పెట్టుకుంటం. మాకు అలవాటైంది. హెప్సికే కాలేదు. ఆ టైంకు అత్తమ్మ దాన్ని మంచం కిందికి తీసుకపోయి బోర్ల పండబెట్టి రెండు చెవులు మూస్తది. నేను కూడ దూరుత ఒక్కోసారి, నవ్వకు. ఐదు నిమిషాలల్ల అయిపోతది. అయిపోయినంక మళ్ల ఎవరి పని వాళ్లది.

ఆయనకు మాత్రం ఇది రాయకు, చెప్పకు. ఆయన చేతిమీదుగ అయ్యేదే కదా, బిడ్డ గంత భయపడుతదని తెలిస్తే తట్టుకోలేడు. నేను ఇంతవరకు చెప్పలే.

నా గురించి ఫికర్ చేయకు. జాగ్రత్తగనే ఉంటున్న. గోదారి బాగ వస్తుందని టీవీల చెప్తున్నరు, మీ దిక్కు ఎట్లుంది?

హెప్సికి ముద్దులు.

నీ అక్క,
రిబ్కా


సారపాక,
27 జూలై 2024

అక్కా,

గోదారి రెండో హెచ్చరిక దాటింది. బూర్గంపాడు కాడ రోడ్డు మీద నీళ్లు, బస్సులు బంద్. లేకపోతే ఈ ఉత్తరం రాయకపోదును, నేనే వచ్చేదాన్ని. వచ్చి నిన్ను తీసుకొచ్చేదాన్ని.

మొన్న మేడం మాట కాదని ఫోన్ చేసిన. బావ ఎత్తిండు. "ఎవరే! ఏందే!" అని గావుకేక. టక్కున పెట్టేసిన. ఎప్పుడు ఫోన్ల ఆ గొంతు విన్నా నాకు భయమే అయితది. నువ్వు ఆ గొంతు కింద ఐదేండ్ల నుంచి ఉంటున్నవ్.

ఇప్పుడు ఆట చెప్త. నాలుగు బొమ్మలు: ఒక ముసలామె, ఒక ఆడామె, ఒక పిల్ల, ఒక పెద్ద మొగాయన. హెప్సి చిన్నబొమ్మను బోర్ల పడేస్తది. రెండు అరచేతులతోటి దాని తల మూస్తది. వెదురుబుట్ట బోర్లించి కిందికి నూకుతది. ముసలామెను, ఆడామెను కూడ గబగబ బుట్ట కిందికి. మొగబొమ్మను మాత్రం తీసుకపోయి దూరంగ, గడప అవతల పెట్టి వస్తది. తర్వాత తన చెవులు తను మూసుకొని కండ్లు గట్టిగ మూసుకుంటది. రోజూ ఇదే. అన్నాలు అయినంక, ద్వాలి గిన్నెలు కడిగే టైంకు. "గా టైంకే ఎందుకు చేస్తది మేడం" అని ద్వాలి అడిగింది. కడుపు నిండినంక పిల్లల మనసు తెరుచుకుంటదని ఏదో చెప్పిన.

నాకు ఆట చూసిన్నాడే అనుమానం. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. మళ్ల మందు మీద ఉన్నడు. కండ్లు ఎర్రగ. రోజూ చప్పుడు, గిన్నెలు పడుడు, పిల్లను మంచం కింద దాచుడు, ఆయన చేతిమీదుగ అయ్యేదే అనుడు. అలవాటైందట! అక్కా, ఆ మాట నేను వరండాల నిలబడి మళ్ల మళ్ల చదివిన. నువ్వు నోట చెప్పలేనిది నీ బిడ్డ, మాట రాని పిల్ల, బొమ్మలతోటి చెప్పింది.

పిల్ల మీద చెయ్యి పడుతుందన్న అనుమానం వస్తే ఫైల్ల రాయాలె, పైకి పంపాలె. మా నియమం. "ఒక వారం ఆగు ఫ్లోరెన్స్, మీ అక్కను పిలిపిద్దాం, ఎదురుగ కూర్చోబెట్టి అడుగుదాం" అన్నది మేడం. సొంత అక్క కాబట్టి నేను కప్పిపెడుతున్ననా అని నాకే అనిపించింది. ఆగలే. రాసి సంతకం పెట్టిన. పిల్లల రక్షణ చూసేవాళ్లు మీ ఇంటికి వస్తరు. భయపడకు. ఒక్కసారి నిజం చెప్పు. నా గది చిన్నదే, ముగ్గురం పడతం.

అమ్మ లేదు, నాయిన లేడు. నేనున్న.

ఫ్లోరెన్స్


సత్తుపల్లి,
2 ఆగస్టు

ఫ్లోరెన్స్,

నిన్న వచ్చిన్రు. నీ ఉత్తరం కంటే ముందే వాళ్లు వచ్చిన్రు. నీది ఇయ్యాల వచ్చింది.

ఇద్దరు ఆడోళ్లు, వెంట అంగన్‌వాడీ టీచర్. జీపు దిగంగనే గల్లీ అంతా మా వాకిట్లనే. కుర్చీలేసిన. నీళ్లిచ్చిన. నీ గురించి ఏదన్నా మంచి చెప్పనీకి వచ్చిన్రేమో అనుకున్న. మీ ఆయన తాగి కొడుతడా అని అడిగిన్రు. నాకు సమజ్ కాలేదు. మళ్ల అడిగిన్రు, గట్టిగ. మంచం చూపించమన్నరు. అత్తమ్మ గుడ్లప్పగించి చూస్తుంది.

అప్పుడే గని సైరన్ కొట్టింది. అత్తమ్మ లేచింది. వాళ్లున్నరని కూడ మరిచిపోయింది. గబగబ పోయి మంచం కింద దూరి, హెప్సి పక్కన ఉన్నట్టే రెండు చేతులు చాపి అట్లనే బోర్ల పండుకుంది. రెండు నెలల నుంచి రోజూ గట్లనే చేస్తుంది, నేను నీకు రాయలే. ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగ్ అయింది. గూట్లకెళ్లి గిన్నెలు పడ్డయి, వాళ్లల్ల ఒకామె కాళ్ల కాడికి చెంబు దొర్లింది. ఆమె నోటుబుక్కు మూసింది. "ఇదా చప్పుడు" అన్నది. అవ్ అమ్మా, ఇదే చప్పుడు, ఇంకేముంటది అన్న.

కానీ అప్పటికే ఇంకో మనిషి గనికి పోయి ఆయనను పని మీదికెళ్లి పిలిపించిండు. గ్యాంగోళ్లందరి ముందట, బిడ్డను కొడుతవా అని అడిగిన్రు. ఆయనకు సరిగ వినపడక "ఏందీ?" అన్నడట. మళ్ల అరిచి అడిగిన్రట.

మందు అంటే ఏందే? నువ్వు చెప్పు. నాయిన బాయి నుంచి వచ్చి చేతులు కడుక్కుంట ఏమనేటోడు? "ఇయ్యాల మందు లేటొచ్చింది, షాట్లు పేలలే" అనేటోడు కాదా? నువ్వు ఆ డబ్బాల మిగిలిన అన్నం తినుకుంటనే కదా విన్నది. ఆయన బండకు తొలిచిన బొక్కలల్ల పేల్చే మందు నింపేటోళ్లల్ల ఉన్నడు. ఆ పొగకు కండ్లు ఎర్రగయితయి, తల పగులుతది. ఆ చప్పుళ్లకే చెవులు మందగించి గట్టిగ మాట్లాడుతడు. తాగుడు హెప్సి పుట్టిన ఏడే వదిలిండు, దానికి నువ్వే కదా నాకు ఫోన్ చేసి సంతోషపడ్డది. నాకు ఆ పని ఇష్టం లేనిది భయానికి. ఏ రోజు ఏమయితదోనని.

బుట్ట బయట పెట్టిందట మొగబొమ్మను. కొట్టేటోడు కాబట్టి బయట పెట్టిందని రాసినవ్. సైరన్ కొట్టంగనే మేం ముగ్గురం మంచం కింద. ఆయన ఎక్కడుంటడు? అక్కడ, పేలే కాడ. ఆ బొమ్మను అది ఎల్లగొట్టలే ఫ్లోరీ. దాన్ని దాయనీకి చేతగాలే దానికి. అందుకే కండ్లు మూసుకుంది.

ఆయన రేపు వస్తుండు బిడ్డను తీసుకపోనీకి. ఈ కాయితం నీకు అందేసరికి తీసుకపోతడు.

రిబ్కా


సారపాక,
9 ఆగస్టు 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడు రోజులైనట్టుంది గానీ నిన్ననే వచ్చింది. బావ వచ్చిన రోజు నాకింకా ఏం తెలువదు. తెలువకనే నిలబడ్డ ఆయన ముందట. గడపకు అడ్డం నిలబడ్డ. అది కూడ నీకు చెప్పాలె.

ఆయన చెప్పులు విప్పి వరండా మెట్టు మీద కూర్చున్నడు. లోపలికి రాలే. అరుస్తడని ఎదురుచూసిన. అరవలే. "బిడ్డ బట్టలు" అన్నడు. మేడం ఆయన పక్కన కూర్చొని వివరంగ మాట్లాడింది, ఈ ఆట నడుమల ఆపితే పిల్ల వెనక్కి పోతదని, ఈ వయసు పోతే తిరిగి రాదని. తలూపిండు. ఎంత వినపడ్డదో తెలువదు. "మేం కొట్టలేదమ్మా" అన్నడు, అంతే.

హెప్సి ఆయనను చూసింది. ఉరికి రాలే. గడప అవతలికి పోయింది, మొగబొమ్మ ఉండే మూలకు. దాన్ని తెచ్చి ఆయన చేతిల పెట్టింది. "ఏందిది?" అన్నడు ఆయన, ఆ పెద్ద గొంతుతోటి. ఆ గొంతుకు పిల్ల బెదరలే. నేనే బెదిరిన. అక్కా, అది నేను కండ్లారా చూసిన, అప్పుడు కూడ నాకు అర్థం కాలే. పిల్ల భయపడకపోతే భయానికి అలవాటు పడ్డదనుకున్న. ఒకసారి అనుకున్నంక ఎదురుగ ఉన్నది కూడ ఎట్ల కనపడకుండ పోతదో చూడు.

పోయేటప్పుడు నా వైపు తిరిగి, "అడిగితే చెప్పకపోదుమా ఫ్లోరెన్స్" అన్నడు. మెల్లగ అందామనే అనుకున్నడు పాపం. వీధంతా వినపడ్డది.

నిన్న నీ ఉత్తరం చదివినంక వరండాలనే కూర్చున్న. రెండింటికి మిల్లు సైరన్ కొట్టింది. ద్వాలి గిన్నెలు కడుగుతుంది. హెప్సి లేదు. గా టైంకే ఎందుకు చేస్తది అని ఆమె అడిగింది చూడు, జవాబు మా నెత్తి మీద రోజూ మోగింది. నాకు అది నాయిన వచ్చే చప్పుడు. ఆకలయ్యే చప్పుడు. మన నాయినది భూమి లోపలి బాయి, మనకు సైరన్ అంటే మనిషి తిరిగొచ్చుడే. హెప్సికి మనిషి పోయే చప్పుడు. ఒకే కూత.

మందు అన్న మాటను నేను హాస్టల్ల నేర్చుకున్న అర్థంతోటి చదివిన. ఇంట్ల నేర్చుకున్నది మరిచిన. పిల్ల కోసం పది లెక్కపెట్టిన, నీ కోసం ఒకటి కూడ లెక్కపెట్టలే.

మేడం నన్ను తిట్టలే. ఫైల్ల నా సంతకం కింద జరిగిందంతా నా చేతితోటే రాయించింది. రాసేటప్పుడు రెండుసార్లు పెన్ను మార్చిన, ఇంకు బాగనే ఉంది.

క్షమించమని రాయనీకి ధైర్యం లేదు.

ఫ్లోరీ


సారపాక,
5 సెప్టెంబర్ 2024

అక్కా,

జవాబు లేదు. ఉండదని తెలుసు. రోజూ పోస్టాయన సైకిల్ చూస్తున్న.

నా మీద కోపం నా మీదనే ఉంచు, హెప్సి ఆట మీదికి పోనీయకు. డిసెంబర్‌ల దానికి నాలుగు నిండి నెల అయితది. ఇక్కడికి పంపమని అడగను. నువ్వే చెయ్యి. అత్తమ్మతోటి కూడ చేయించు, ఏడుగుర్ని ఆడించిన మనిషి ఆమె.

దాని కంటే తక్కువ ఎత్తుల కూర్చో. అది మూత తిప్పితే నువ్వూ తిప్పు. గుంజుకోకు, 'అమ్మా అను, నాయినా అను' అని వెంటపడకు. అది దేన్ని చూస్తే దాని పేరు ఒక్కసారి చెప్పి ఊకో. బాల్ దొర్లించి ఆపు. పది లెక్కపెట్టు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, పది. నవ్వుకుంటున్నవా? నవ్వవులే.

బస్సు పార్సిల్‌ల నాలుగు బొమ్మలు, వెదురుబుట్ట పంపుతున్న. మేడం తీసుకపొమ్మన్నది. సైరన్ కొట్టినప్పుడు అది ఆ ఆట ఆడితే ఆడనీ, ఆపకు. అయిపోయినంక బుట్ట ఎత్తి ఒక్కొక్కరిని పేరు పెట్టి బయటికి తియ్యి. గడప అవతలి బొమ్మను మాత్రం మీరెవ్వరు ముట్టకున్రి. బావ డ్యూటీ నుంచి వచ్చినంక ఆయననే తీసి లోపల పెట్టాలె. సైరన్ కొట్టినంక నాయిన తిరిగొస్తడని దానికి చెప్తే అర్థం కాదు. చేతులతోటి చూపించాలె. మనకు నాయిన డబ్బా చూపించినట్టు.

బావకు ఇది చదివి వినిపిస్తవో లేదో నీ ఇష్టం. గట్టిగ చదువు.

ఫ్లోరీ


సత్తుపల్లి,
30 సెప్టెంబర్

బుట్ట అందింది. ఆయన వద్దనలే. అందుల నీ పసుపుపచ్చ క్లిప్పు కూడ వచ్చింది, చూసుకోకుండ పెట్టినట్టున్నవ్. హెప్సి ఇయ్యట్లే.

ఇప్పుడే ఇంకేం రాయలేను.

రి.


సత్తుపల్లి,
8 డిసెంబర్ 2024

చెల్లె ఫ్లోరీకి,

వందనాలు. ఇన్నాళ్లు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. నిజమే రాస్తున్న.

ఇంటికొచ్చినంక నెలన్నర హెప్సి మూత వదల్లే. బాల్ ఇస్తే విసిరికొట్టింది. నా మొహం వైపు ఒక్కసారి చూడలే. బస్టాండుల దాన్ని వదిలిన్నాడు కూడ నేను గంత ఏడువలే. అక్కడ నేర్చినదంతా దారిల ఎక్కడో జారిపోయిందనుకున్న. ఆ కోపంతోటి నీ కాయితం పొయ్యిల పెడదామని తీసుకపోయిన. ఆయన అడిగిండు, ఏందది అని. చదివిన. "మళ్ల చదువు" అన్నడు. రెండోసారి గల్లీకంతా వినపడేటట్టు చదివిన.

ఆయన నిన్ను మాఫ్ చేయలే ఫ్లోరీ. గ్యాంగుల ఇప్పటికీ ఎవడో ఒకడు ఆయనను "ఏం కేసు రాజూ" అంటడు. చెవులు సరిగ వినపడని మనిషికి ఆ ఒక్క మాట ఎట్ల వినపడుతదో. పండుగకు నిన్ను పిలుద్దామా అని అత్తమ్మ అన్నది. "నా ఇంట్లకు రావద్దు" అన్నడు. ఆ మాట మీదనే ఉన్నడు. నేను ఎదురు చెప్పలే. నాకు కూడ ఇంకా కుట్టు పూర్తిగ మానలే.

కానీ నువ్వు చెప్పినట్టే చేస్తున్నం. అత్తమ్మ మూత తిప్పుతది, నేను మూత తిప్పుత, ముగ్గురు ఆడోళ్లం నేల మీద కూర్చొని మూతలు తిప్పుతుంటే పక్కింటామె గుమ్మంల నిలబడి బిత్తరపోయింది. నవంబర్‌ల ఒకనాడు బాల్ వెనక్కి వచ్చింది. నేను లెక్క తప్పిన, ఏడా ఎనిమిదా తెలువదు.

సైరన్ కొట్టంగనే అందర్ని బుట్ట కింద పెడతది, ఆయన బొమ్మ గడప అవతల. మేం ముట్టం. ఆయన డ్యూటీ దిగి వస్తడు, చెప్పులు విప్పుతడు, వంగి ఆ బొమ్మను తీసి "వచ్చిన బిడ్డా" అని బుట్టల పెడతడు. ఒక్కనాడు తప్పలే. వారం కింద ఒంట్ల బాగలేక లీవు పెట్టి ఇంట్లనే ఉన్నడు, సైరన్ టైంకు ఆ బొమ్మ కోసం తను బయటికి పోయి మళ్ల లోపలికి వచ్చిండు. ఇప్పుడు మంచం కిందికి పోవాలని అది ఏడుస్తలేదు.

నిన్న ఆయన వచ్చిండు, బొమ్మను లోపల పెట్టిండు. హెప్సి మళ్ల గడప కాడికి పోయింది. చూస్తే అక్కడ నీ క్లిప్పు ఉంది. ఆయన బొమ్మ పక్కనే పెట్టి ఉంటది, నేను గమనించలే. ఎన్ని రోజుల నుంచి పెడుతుందో. దాని ముందర కూర్చొని చూసింది. నేను ఊకున్న. లెక్కపెట్టిన. పది దాటింది, పదిహేను దాటింది. ఇరవై కాడ అది చెయ్యి చాపి, వేళ్లు ముడిచి, "రా" అన్నది.

అన్నది ఫ్లోరీ. నా చెవులతోటి విన్న. చిన్నగ, ఊపిరంత.

ఆయన నాలుగు అడుగుల దూరంల కాళ్లు కడుక్కుంటుండు. వినపడలే.

నేను చెప్పలే. నాలుగేండ్లు ఎదురుచూసిన మనిషికి బిడ్డ మొదటి మాట చెప్పలేకపోయిన. చెప్తే ఎవరిని పిలిచిందని అడుగుతడు.

నువ్వు రాకు. ఆయన మాట మీద నేను నిలబడాలె. కానీ క్లిప్పును గడప అవతలకెళ్లి తీసి లోపల పెట్టేటోళ్లు లేరు. రాత్రిపూట నేను తీసి దాస్తున్న, తెల్లారి అది మళ్ల అక్కడ పెడుతుంది.

రాయి.

నీ అక్క,
రిబ్కా